బోర్లించిన గంజు

నా పొట్టకు కారణం జపాన్. ఈ మాట చంద్రపూర్‌లో షుగర్ డాక్టరుతో అంటే ఆయన చేతిలోని రిపోర్టు కిందపెట్టి, జపాన్ ఎప్పుడు వెళ్లొచ్చారని మరాఠీలో అడిగాడు. నాగ్‌పూర్ దాటి ఎటూ వెళ్లలేదన్నాను. ‘భాత్ బంద్’, అంటే అన్నం మానేయాలని, చీటీ మీద రాసిచ్చాడు. మా ఆవిడ ఆ చీటీని మా పెళ్లి ఫొటో కన్నా భద్రంగా పర్సులో దాచుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరికీ అన్నం, నాకు జొన్నరొట్టె.

కానీ నేను డాక్టరుతో అబద్ధమాడలేదు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంటికి తాళం వేసి అందరం కలిసి ఎక్కడికైనా బయల్దేరుతున్నామంటే, గంజులో వండిన అన్నం ఒక్క మెతుకు కూడా మిగలకూడదు. తిని, గంజు కడిగి, పొయ్యి మీదే బోర్లించి, అప్పుడు గడప దాటాలి. పెళ్లికి పోయినా, బామ్నిలో చుట్టాలను చూడబోయినా, క్రిస్మస్ బట్టలకు చంద్రపూర్ బజారుకు పోయినా ఇంతే. కుక్కకు వేయకూడదు, పక్కింటికి ఇవ్వకూడదు, డబ్బాలో కట్టుకుపోకూడదు. ఇంట్లోవాళ్లే తినాలి.

అక్కలిద్దరూ తలా రెండు ముద్దలు తిని జడలు వేసుకోవాలని లేచిపోయేవారు. బాపు తెల్ల చొక్కా వేసుకుని కూచుని, నాలుగు ముద్దలు తిని, ఉప్పు తక్కువైందని ఒక మాట అని, చెయ్యి కడిగేసేవాడు. ఉప్పు తక్కువైందనడం ఆయనకు భోజనం తర్వాతి ప్రార్థన లాంటిది. తన పెళ్లి విందులో కూడా అదే అన్నాడని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఇక మిగిలేది నేను. ఇంట్లో చిన్నవాణ్ని, ఎదురు చెప్పలేనివాణ్ని. పైగా, నిజం చెప్పొద్దూ, నాకు ఇష్టమే. చాపమీద మఠం వేసుకుని కూచుని గంజు అడుగు కనిపించేదాకా లాగించేవాణ్ని. అందరూ మూటలు పట్టుకుని గుమ్మంలో నిలబడి నా దవడలవైపు చూస్తుండేవారు. ఒకసారి నేను ఇంకా నములుతుండగానే మేం ఎక్కాల్సిన ప్యాసింజరు మాజ్రి స్టేషన్ వదిలి వెళ్లిపోయింది. ఆ కూత మా ఇంటిదాకా వినపడింది. బాపు మూట కిందపెట్టి, “ఇంక నిమ్మలంగ తిను కొడుకా” అన్నాడు. తిన్నాను.

బళ్లో నన్ను డంపర్ అనేవారు, బొగ్గు మోసే పెద్ద లారీ పేరు. గని కాలనీలో లావుపాటి పిల్లవాడికి ఆ పేరు పెట్టడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

ఈ పద్ధతి పెట్టింది మా అమ్మమ్మ. ఆమె శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున పుట్టి, పెళ్లయ్యాక మొగుడితో ఓడెక్కి రంగూన్ పోయింది. తాత అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. మా అమ్మ రంగూన్‌లోనే పుట్టింది. ఆమెకు పాలపళ్లు ఊడే వయసులో యుద్ధం వచ్చింది. జపాన్ విమానాలు ఊరిమీద బాంబులు వేశాయి. పొట్ట చేతబట్టుకుని ఆ దేశం పోయిన మనవాళ్లంతా చేతికి దొరికింది పట్టుకుని కాలినడకన ఇటు బయల్దేరారు. అమ్మమ్మ కూడా అమ్మను కాసేపు నడిపిస్తూ, కాసేపు ఎత్తుకుంటూ కొండలూ అడవులూ దాటి చిట్టగాంగ్ చేరింది. అక్కడినుంచి రైళ్లు. తోడు నడిచినవాళ్లలో ఒకాయన తమ్ముడు చాందా దగ్గర బొగ్గు గనిలో ఉన్నాడట. చంద్రపూర్‌ను అప్పుడు చాందా అనేవారు. ఆ తమ్ముడి ఆచూకీ పట్టుకుని అమ్మమ్మ కూడా ఇటే వచ్చేసింది. గని పైన బొగ్గు తట్టలు మోసే పని దొరికింది. ఇక శ్రీకాకుళమూ లేదు, రంగూనూ లేదు. కొన్నేళ్లకు ఆమె మాట కూడా ఈ ప్రాంతపు మాటే అయిపోయింది.

తాత గురించి ఇంట్లో ఒక్క ముక్కే ఉండేది: రంగూన్‌లోనే పోయిండు. బాంబు పడి ఉంటుందని మేం పిల్లలం మాలో మేం తేల్చేసుకున్నాం. ఎవరమూ అడగలేదు.

అమ్మమ్మ కథలో బాంబులకన్నా పెద్ద సంగతి అన్నం. బయల్దేరే ముందు వండిన అన్నం పొయ్యిమీద అలాగే ఉండిపోయిందట. దారిలో ఆకులు ఉడకబెట్టుకుని తింటూ ఆ గంజెడు అన్నాన్ని తలుచుకునేదట. “వార్చినన్నం. పొగలస్తుండె. మూతపెట్టి అచ్చిన” అనేది. చెప్పినప్పుడల్లా రెండు చేతులతో గాలిలో మూత పెట్టి చూపించేది. హడావిడిలో తినకుండా వచ్చేసింది కాబోలు, ఆ బాధతో మా చేత ప్రతిసారీ గంజు ఖాళీ చేయిస్తోంది కాబోలు అనుకునేవాళ్లం. అంటే ఒక ముసలమ్మ ఆకలి తీరడానికి నేను యాభై ఏళ్లు తిన్నానన్నమాట.

అందుకే నాకు చిన్నప్పుడు జపాన్ మీద పగ. బళ్లో గోడ పటంలో ఆ దేశాన్ని పెన్సిలుతో నల్లగా దిద్దేశాను. మాస్టారు చెవి మెలేశారు. ఏడుస్తూ ఇంటికొచ్చి, వీరుడిలా జరిగింది చెప్తుంటే బాపు తన చేతి గడియారం తీసి నాకు చూపించాడు. అది జపాన్‌దే. ఎప్పుడూ టైము తప్పలేదట.

అమ్మమ్మ పోయింది, అక్కలు పెళ్లిళ్లయి వెళ్లారు, తర్వాత బాపు పోయాడు. బాపును కాలనీ చివర, చర్చి వెనక ఉన్న సమాధుల తోటలో పెట్టాం. అమ్మ ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక అటు నడిచి వెళ్లి, సమాధి మీద పడిన బొగ్గు ధూళి చీర కొంగుతో తుడిచి వచ్చేది. నేను గని ఆఫీసులో హాజరు వేసే గుమాస్తాను. అదే క్వార్టర్‌లో పుట్టి, అదే క్వార్టర్‌లో పెళ్లి చేసుకుని, కుర్చీనుంచి లేచే పని లేని ఉద్యోగం సంపాదించాను. పొట్ట తన పని తాను చేసుకుపోయింది.

ఆ మధ్య మా కాలనీ ఖాళీ చేయాలని నోటీసు వచ్చింది. ఓపెన్‌కాస్ట్ గని పెద్దదవుతోంది, మా ఇళ్ల కింద బొగ్గుంది. మా అందరికీ చంద్రపూర్‌లో ఫ్లాట్లు ఇస్తారు. చర్చి కూలుతుంది. సమాధుల జోలికి మాత్రం రారట, చుట్టూ కంచె వేస్తారట. కాకపోతే అది గని సరిహద్దులోకి వచ్చేస్తుంది. రోజూ పేలుళ్లుంటాయి కాబట్టి బయటివాళ్లను లోపలికి రానివ్వరు. గని నడిచినంతకాలం అంతే. అదెంత కాలమో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

అమ్మ ఇదంతా విని ఒక్కటే అడిగింది. “మరి మీ బాపు?”

నేను ఆఫీసు మనిషిని కదా, ఆఫీసు మాటే వచ్చింది నోట. “సమాధులకు ఏ ఇబ్బందీ ఉండదంట అమ్మా.”

“ఇబ్బంది ఆయనకు కాదురా, నాకు” అంది. తర్వాత, “మీరు పోర్రి. నేను రాను. ఆయన్ని ఈడ ఒక్కన్ని ఇడిసిపెట్టి రాను” అని తేల్చేసింది. ఎనభై ఎప్పుడో దాటిన మనిషి. ఆమెను వదిలి మేమెక్కడికి పోతాం? ఆమె లేనిదే మా సామాను కదలదు. సామాను కదలనిదే మాకు ఇల్లు చేతికి రాదు. పక్క క్వార్టర్లు ఒక్కొక్కటే తలుపులు ఊడి, కిటికీలు ఊడి నిలబడుతున్నాయి.

గనిలో పేకాట ఆడే మొండిఘటాలను డ్యూటీకి తెచ్చిన నాకు అమ్మను ఒప్పించడం ఒక లెక్కా అనుకున్నాను. మొదట లిఫ్టు గురించి చెప్పాను. బటను నొక్కితే పైకి పోతుందన్నాను. “నేనెప్పుడో పైకి పోయేదాన్నే, బటనెందుకు” అంది. రోజంతా కుళాయి నీళ్లన్నాను. బోరింగు నీళ్లే పప్పుకు మంచివంది. చివరకు పాస్టరుగారిని పిలుచుకొచ్చాను. పోయినవారు మట్టిలో లేరు, దేవుని దగ్గర ఉన్నారని ఆయన చాలాసేపు చెప్పారు. అమ్మ ప్రతి మాటకీ తలూపింది, కోడిగుడ్ల కూరతో భోజనం పెట్టింది, గుమ్మందాకా సాగనంపింది. ఆయన మలుపు తిరిగాక, “మంచిగ చెప్పిండు. నేను మాత్రం రాను” అంది. నేను రొట్టె తింటూ వాళ్లిద్దరి పళ్లాల్లోని అన్నం వైపు చూడటం తప్ప ఆ రోజు ఇంకేం సాధించలేదు.

మా ఇంటి వెనకనుంచి యంత్రాలు అప్పటికే కనపడేవి. ఒక సాయంత్రం అమ్మ అరుగుమీద కూచుని ఆ పెద్ద తవ్వే యంత్రాన్ని చూస్తూ అడిగింది. “అది ఏడ చేసిన్రురా?”

“జపాన్‌లనే అమ్మా.”

అమ్మ ఒక క్షణం నావైపు చూసి, పళ్లులేని నోటితో పకపకా నవ్వింది. “మల్ల ఆళ్లేనా!” అంది. చాలాసేపు ఆ మాటే అనుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నాకు కూడా నవ్వొచ్చింది. పాపం ఆ యంత్రం చేసినవాడు ఎక్కడో తన ఇంట్లో అన్నం తింటూ ఉంటాడు, వాడికేం తెలుసు మా సంగతి.

ఆ వారమే మా అమ్మాయి ఫోనులో ఏదో చూస్తూ అమ్మ పక్కన చేరింది. దానికి కాలేజీలో యుద్ధం మీద ఏదో ప్రాజెక్టు ఇచ్చారు. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు, నానమ్మను మరాఠీ పిల్లల్లా ఆజీ అంటుంది. “ఆజీ, హే బఘ్, వీళ్లను చూడు” అని ఫోను చూపించింది. పాత ఫొటోలు. కోట్లు తొడుక్కున్న ఆడవాళ్లు, పిల్లలు పెట్టెలమీద కూచుని ఉన్నారు. అందరి బట్టలకూ చీటీలు కట్టి ఉన్నాయి, రైల్లో వేసే సామానుకు కట్టినట్టు.

“ఎవలు వీళ్లు?”

“జపానోళ్లు ఆజీ. బతకనీకి అమెరికా పోయిండ్రు. అక్కడ్నే ఇండ్లు, దుకాణాలు, పిల్లలు అన్నీ అయినయి. జపాన్‌తోని యుద్ధం మొదలైనంక, మీరు జపానోళ్లు, మిమ్మల్ని నమ్మం అని అక్కడి సర్కారే ఇండ్లు ఖాళీ చేయించింది. ఎక్కడ్నో ఎడారిల క్యాంపులల్ల పెట్టింది. చేతుల పట్టినంత సామానే తీసుకపోవాలన్నరంట.”

“గీళ్లు జపానోళ్లా?” అమ్మ ఫోను తన చేతిలోకి తీసుకుంది. “మరి బాంబులేసింది?”

“వీళ్లు కాదు ఆజీ. వీళ్లేం చేయలే.”

అమ్మ ఒక ఫొటో దగ్గర ఆగింది. పెట్టెమీద కూచుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎటో చూస్తున్న ఒక ముసలామె. “మా అమ్మ గిట్లనే కూసునేది, చిట్టగాంగు టేషన్ల” అంది. ఇంత వయసు వచ్చేదాకా జపానోళ్లంటే ఆమెకు ఆకాశంలో మోత తప్ప మనుషులు కారు. ఫోను చేతిలోనే ఉంచుకుని మా అమ్మాయిని అడిగింది. “పొయ్యి మీద ఏమన్న పెట్టి పోయిండ్రా ఆళ్లు?”

అది వేలితో పైకీ కిందకీ జరిపి చూసి, “అది ఇందుల లేదు ఆజీ” అంది.

“గదే ఉండది” అని అమ్మ ఫోను తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు పొద్దున, నేను రొట్టె ముందు కూచుని మొహం మాడ్చుకుంటుంటే, అమ్మ వచ్చి, “వస్తనురా. టెంపో చెప్పు” అంది. “కని ఆ రోజు అన్నం నేనే వండుత. గ్యాస్ బండ అన్నిటికన్న ఆఖరికి తియ్యాలె.”

నా లిఫ్టు మాటలు మెల్లగా లోపలికి దిగి పనిచేశాయని నాకు అర్థమైంది. ఆ సంగతి ఆఫీసులో కూడా చెప్పుకున్నాను. అమ్మను ఒప్పించలేక అవస్థ పడుతున్న ఒక సహోద్యోగికి పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో వివరంగా నేర్పాను కూడా.

టెంపో వచ్చిన రోజు పొద్దున మా ఆవిడ వంట పెట్టుకోవద్దని బయటినుంచి ఆలుబోండాలు తెప్పించింది. నాకు ఒక్కటి, అదీ పైనున్న పిండి ఒలిచి ఇచ్చింది. అమ్మ మాత్రం తను చెప్పినట్టే వంటింట్లో తలుపు దగ్గరకు వేసుకుని వండుతోంది. టెంపో వాళ్లకేమో అనుకున్నాను. నాకు అంతకన్నా పెద్ద పని ఉంది. బీరువా ఎలా బయటికి తీయాలో డ్రైవరుకు చెప్పడం. ఎడమకు వంచమన్నాను, కుడికి తిప్పమన్నాను. నేను చెప్పినట్టే చేస్తే బీరువా గుమ్మంలో ఇరుక్కుని, లోపలివాళ్లు లోపల, బయటివాళ్లు బయట ఉండిపోయాం. డ్రైవరు, “కాకా, జరా బాజూలా” అని నన్ను మర్యాదగా పక్కకు జరిపి, దాన్ని నిలువుగా లేపి ఒక్క ఊపులో బయటికి తీశాడు. మిగతా సామానంతా నేను పక్కన నిలబడటం వల్లే చకచకా ఎక్కింది.

వంట అయిపోయాక గ్యాస్ బండ కూడా ఎక్కింది. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి, ఒకసారి మీ బాపు దగ్గరికి పోయి వద్దామంది. మరుసటి రోజునుంచి కంచెకు తాళం. మా ఆవిడా అమ్మాయీ ఆమెకు చెరోపక్క తోడుగా వెళ్లారు. నేను ఇల్లు చూస్తానని ఆగిపోయాను. సమాధుల దగ్గర నిలబడటం నాకు చేతకాదు. ఏడుపొస్తుంది, దాన్ని దాచుకోవడానికి ఏదో పిచ్చి జోకు వేస్తాను. బాపు సమాధి దగ్గర వేసే జోకులు నా దగ్గర అయిపోయాయి.

ఖాళీ ఇంట్లో అటూ ఇటూ తిరిగి వంటింట్లోకి పోయాను. బండ లేని పొయ్యి మీద అన్నం గంజు, మూతపెట్టి ఉంది. మూత తీస్తే పొగలు. పక్కన గిన్నెలో ఎండు రొయ్యల వేపుడు. ఒక గ్లాసు నీళ్లు. ఒకే ఒక్క పళ్లెం, అంచు సొట్టపోయింది. మిగతా పళ్లాలన్నీ గోనెసంచిలో టెంపో ఎక్కేశాయి. ఆ ఒక్కటి ఎందుకు ఆగిందని బుర్ర ఉన్నవాడెవడైనా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. నాకు పొద్దున్నుంచి తిన్నది ఒలిచిన బోండా.

నాకు కళ్లు చెమర్చాయి. ఇంత గొడవలో కూడా అమ్మ ఇంటి పద్ధతి మరవలేదు. ఈ ఇంటినుంచి చివరిసారి పోతున్నాం, గంజు ఖాళీ చేసే పని ఎప్పటిలాగే నాకు మిగిల్చింది. డాక్టరు చీటీ మా ఆవిడ పర్సులో ఉంది, పర్సు సమాధుల దగ్గర ఉంది. కుటుంబ గౌరవం కోసం మనిషి కొన్ని త్యాగాలు చేయాలి. పళ్లెం ముందేసుకుని, చాప కూడా లేని నేలమీద మఠం వేసుకుని కూచున్నాను.

ఎన్నాళ్లయిందో అలా అన్నం తిని. నలుగురికి సరిపోయే అన్నం. రొయ్యల వేపుడు కలుపుకుని తిన్నాను, అది అయిపోయాక వట్టి అన్నం కూడా వదల్లేదు. ఉప్పు కొంచెం తక్కువైంది. గంజు అడుగు మాడును కూడా గోటితో గీకి తిని, బకెట్లో మిగిలిన నీళ్లతో కడిగి, పొయ్యిమీద బోర్లించాను. లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అమ్మ వచ్చి చూస్తే ఎంత సంతోషిస్తుందో అనుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను.

వాళ్లు తిరిగొచ్చారు. అమ్మ చీర కొంగు నల్లగా ఉంది. టెంపో వైపు పోకుండా తిన్నగా వంటింట్లోకి నడిచింది. నేను వెనకే వెళ్లాను, మెచ్చుకోలు వినడానికి.

అమ్మ బోర్లించిన గంజును చూసింది. “అన్నం ఏదిరా?” అంది.

“మొత్తం తిన్న అమ్మా. కడిగి బోర్లించిన” అన్నాను, బళ్లో పద్యం అప్పజెప్పిన పిల్లాడిలా.

ఆమె గోడకానుకుని మెల్లగా నేలమీద కూచుంది. “అది నీకు వండలే బిడ్డా” అంది.

“మరెవరికి?”

“మీ బాపుకు.”

సొట్టపోయిన పళ్లెం అప్పుడు గుర్తొచ్చింది. బాపు గనిలోకి టిఫిన్ మీద మూతగా పెట్టుకుపోయిన పళ్లెం అది. ముప్ఫై ఏళ్లు చూసిన పళ్లెం. నా ఎంగిలితో అక్కడే ఉంది.

“సచ్చినోళ్లకు అన్నం పెట్టుడు మన దాంట్ల లేదని నాకెరుకే” అంది అమ్మ. “పాస్టరుకు చెప్పకు. మా అమ్మ పెట్టింది, నేను పెట్టిన.”

“అమ్మమ్మ ఎవరికి పెట్టింది?”

“మీ తాతకు.” అమ్మ బయటికి, తెరిచి ఉన్న గుమ్మం వైపు చూస్తూ చెప్పింది. “బాంబులు పడ్డ రోజు ఆయన రేవుకు పోయిండు. రాలే. గల్లీ ఖాళీ అవుతుంది. మా అమ్మ రెండు రోజులు చూసింది. ఇంక పక్కింటోళ్లు కూడ పోతున్నరు. ఆడిదానివి, పిల్లతోని ఒక్కదానివి ఉంటవా, నడువు అన్నరు. గప్పుడు వండింది అన్నం. మేమిద్దరం తినలే. మూతపెట్టింది. అస్తే తింటడు, ఆకలితో అస్తడు అని. నా చెయ్యి పట్టుకుని నడిచింది.”

అమ్మమ్మ ఎప్పుడూ మరిచిపోయానని అనలేదు. మూతపెట్టి వచ్చానంది. చేతులతో పెట్టి మరీ చూపించింది. మరిచిపోయిందని అనుకున్నది మేమే.

“మరి మాతోని గంజు ఖాళీ చేయిచ్చుడు?” అన్నాను.

“బోర్లిచ్చినమంటే ఇంట్ల ఎవలు మిగల్లేదన్నట్టు. అందరు బయటికచ్చిండ్రు, ఒక్కలు కూడ ఎనుక లేరు అన్నట్టు. అందుకే బోర్లిచ్చినంకనే గడప దాటనిచ్చేది. ఇయ్యాల మీ బాపు ఎనుక ఉంటుండు గదా. అందుకే అన్నం పెట్టి మూతపెట్టిన. మూతపెడితేనే నాకు కాళ్లు కదులుతయనుకున్న.”

యాభై ఏళ్లుగా తింటున్నాను. నేను తింటున్నదేమిటో నాకు తెలియదు. నాకు సిగ్గేసింది, భయం వేసింది, చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది. పొట్టలో ఉన్నదాన్ని తిరిగి గంజులో పెట్టే దారి ఏదైనా ఉంటే ఆ క్షణాన పెట్టేసేవాణ్ని. బియ్యం బస్తా దింపుతానన్నాను. అది మంచం కింద, మంచం బీరువా కింద, బీరువాను నేను చెప్పినట్టే కట్టారు. అయినా దింపుతానన్నాను. బండ మళ్లీ బిగిస్తానన్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కళ్లు ఒత్తుకుంటోంది. చీటీ సంగతి కూడా ఎత్తలేదు. బయట డ్రైవరు హారన్ కొట్టి, “చలా కాకా, ఉశీర్ హోతోయ్” అని, ఆలస్యమైపోతోందని అరిచాడు.

“వద్దు” అంది అమ్మ. “ఏం దింపకు. కూసో.”

కూచున్నాను.

“మొత్తం తిన్నవా?”

“మొత్తం తిన్న.”

“రొయ్యలు?”

“అవి కూడ.”

“ఉప్పు ఎట్లుండె?”

బాగుందని చెప్పబోయాను. ఆ పరిస్థితిలో ఎవరైనా బాగుందనే చెప్తారు. కానీ ఆమె కళ్లలోకి చూస్తూ అబద్ధం రాలేదు. “కొంచెం తక్కువైంది అమ్మా.”

అమ్మ నా మొహంవైపు అలాగే చూసింది. ఏడుస్తుందనుకున్నాను, నవ్వింది. యంత్రాన్ని చూసి నవ్విన నవ్వు కాదు. బాపు ఉన్నరోజుల్లో, ఆయన చెయ్యి కడుగుతుంటే వెనకనుంచి విసుక్కుంటూ నవ్వే నవ్వు. “ఇన్నేండ్లాయె, ఒక్కసారన్న సరిపోయింది అనలే ఆయన” అంది.

తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కొంగుకున్న బొగ్గు చెంపకు అంటింది. “మా అమ్మ పాణం పోయేదాక గా ఒక్క మాటే అడిగింది నన్ను. గా అన్నం తిన్నడంటవా బిడ్డా, తిన్నడంటవా అని. నేనేం చెప్తా? తిన్నడే అమ్మా అనేదాన్ని. నాకేమెరుక?” అని, పొయ్యిమీది గంజును అందుకుని చేత్తో తడిమింది. “ఈ అన్నం సంగతి నాకెరుకైంది. తిన్నరు. అడుగు గీకి తిన్నరు.”

నేను చెయ్యి ఇస్తే లేచింది. గంజునూ, సొట్ట పళ్లాన్నీ చంకలో పెట్టుకుంది. అవి అక్కడే ఉండాల్సినవి, కానీ ఇక ఉండాల్సిన పని లేదు. గడప దాటేముందు ఆగి నా పొట్టవైపు చూసింది.

“మీ బాపుది నీ కడుపుల ఉన్నది” అంది. “పైలంగ మోసుకొని రా.”

అమ్మ డ్రైవరు పక్కన ముందు కూచుంది, గంజు ఒళ్లో పెట్టుకుని. నేను వెనక, బీరువా పక్క సందులో దూరాను. రోడ్డంతా గుంతలు. పొట్టమీద రెండు చేతులూ పెట్టుకుని, కుదుపులకు కదలకుండా, చంద్రపూర్ దాకా అలాగే కూచున్నాను.